అర్జీలో లేని పేరు

త్రినాథరావు ఒకసారి ఎమ్మెల్యేగా గెలిచాడు, రెండోసారి చిత్తుగా ఓడిపోయాడు. అంతకుముందు పార్వతీపురంలో ఓ ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. పదవి కోసం ఆ ఉద్యోగానికి పెట్టిన సెలవు అయిపోయింది. మర్నాడు చేరకపోతే ఉద్యోగం పోతుంది. చేరదామంటే కాళ్లు కదలడం లేదు. మొన్నటిదాకా గన్‌మన్‌తో తిరిగినవాడు ఇప్పుడు సుద్దముక్క పట్టుకుంటే పిల్లలు నవ్వరూ?

తన గురువు వైకుంఠం మాస్టారి దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాడు. ఆయన కాలేజీలో పాఠాలు చెబుతూనే ఆరుసార్లు శాసనసభకి గెలిచారు. రెండుసార్లు ఓడారు. ఓడిన మర్నాడు కూడా బెల్లు కొట్టేసరికి క్లాసులో ఉన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

"మీకు సిగ్గనిపించలేదా మాస్టారూ?"

ఆయన జవాబు చెప్పేలోగా ఒక ముసలామె వచ్చి గుమ్మంలో కూర్చుంది. రేషను కార్డులోంచి తన పేరు తీసేశారట. అర్జీ రాసిపెట్టమంది.

త్రినాథరావుకి జాలేసింది. "మాస్టారు ఇప్పుడు ఎమ్మెల్యే కారమ్మా," అన్నాడు.

"తెల్సు బాబూ. పదవి పోనాది గానీ సేతిరాత పోలేదు కదా."

మాస్టారు నవ్వి, కాగితాలూ కలమూ శిష్యుడి ముందుకు తోశారు. "నువ్వు రాయి."

త్రినాథరావుకి హుషారొచ్చింది. పేదల ఆకలి, అధికారుల నిర్లక్ష్యం, రాజ్యాంగం ఇచ్చిన హక్కులు, అసెంబ్లీలో తను చేసిన ప్రసంగం, ఏదీ వదల్లేదు. రెండు పేజీలు నిండాయి. అలవాటు కొద్దీ కింద తనే సంతకం పెట్టి, 'శాసనసభ్యుడు' అని రాసేసి, నాలుక్కరుచుకుని ముందు 'మాజీ' ఇరికించాడు.

మాస్టారు ఆసాంతం చదివారు.

"బాగుంది. ఇంతకీ కార్డులో ఏ పేరు చేర్చాలిరా?"

త్రినాథరావు కాగితాలు లాక్కుని చూశాడు. తన పేరుంది, తన హోదా ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు. అతని చెవులు వేడెక్కాయి. ఓడిపోయిన రోజు కూడా అంత సిగ్గుపడలేదు.

కొత్త కాగితం తీసుకుని, కుర్చీలోంచి లేచి వెళ్లి గుమ్మంలో ఆమె పక్కన కూర్చున్నాడు.

"మీ పేరేంటమ్మా?"

"పారమ్మ, బాబూ." అడిగినందుకే ఆమె మొహం విప్పారింది.

ఈసారి అర్జీ నాలుగు లైన్లలో అయిపోయింది. చదివి వినిపించాడు. పారమ్మ వేలిముద్ర వేసి, కాగితం కొంగున దోపుకుని వెళ్లిపోయింది.

త్రినాథరావు తలెత్తలేదు. మాస్టారు వచ్చి భుజమ్మీద చెయ్యేశారు.

"రేపు క్లాసులో కూడా ముందు పేర్లే అడుగు."