ఆకు అడుగున పేనుబంక

పూర్వం ఒక రాజుగారి నిమ్మతోటకు పేనుబంక పురుగు పట్టింది. తోటపని చేసే ఓబులమ్మ వేపగింజల కషాయం కాచి, చెట్ల కింద నడుం వంచి, వెదురు చిమ్మనగ్రోవితో ఆకుల అడుగున కొడుతోంది.

అంతలో తోటల అధికారి చెన్నప్ప గొడుగు పట్టించుకుని వచ్చాడు.

"ఏమే, పైన ఆకులన్నీ పొడిగానే ఉన్నాయి! కషాయమంతా నేలపాలు చేస్తున్నావా? పైనుంచి కొట్టు. లేదంటే రేపట్నుంచి పనిలోకి రాకు!"

పైనుంచి కొడితే తోట దక్కదు, కాదంటే కూడు దక్కదు. ఓబులమ్మ "చిత్తం దొరా" అంటూనే కడవెడు నీళ్లు తెచ్చి ఆయన గొడుగు మీద కుమ్మరించింది.

"ఎంత పొగరే నీకు!"

"తడిశారా దొరా?"

"గొడుగు ఉండగా నేనెందుకు తడుస్తాను?"

"పురుగుకీ ఆకుంది కదా దొరా."

చెన్నప్ప పళ్లు కొరికాడు. అయినా ఒక కొమ్మ వంచి ఆకు తిప్పి చూశాడు. అడుగున పేనుబంక కిటకిటలాడుతోంది. కొమ్మ వదిలి, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

వారానికి రాజుగారు వచ్చి, కొత్త చిగుళ్లు చూసి చెన్నప్పను మెచ్చుకున్నారు.

"ఆ మెప్పు నాది కాదు ప్రభూ. నేను చెడగొట్టబోతే ఈ ఓబులమ్మ నిలబెట్టింది," అన్నాడు చెన్నప్ప.

ఓబులమ్మ కళ్లు తుడుచుకుని, చెన్నప్ప వైపే తిరిగి చేతులు జోడించింది.

"అంత కోపంలోనూ ఆకు తిప్పి చూశారు. అదే పదివేలు దొరా!"