చైర్మన్ గారి పోస్టరు

ప్రెస్సులో డిజైన్లు చేసే నాంచారి దగ్గరికి మునిసిపల్ చైర్మన్ గజపతి గారు రొప్పుతూ వచ్చారు. తెల్లారితే ఆయన సభ, వెయ్యి పోస్టర్లు కావాలి!

"పోస్టరు పీడీఎఫ్‌కి అన్నిటికంటే చిన్న ఫైలు సైజు పెట్టు. చిటికెలో అయిపోవాలి."

"అది ఫోన్లో చూసుకోడానికండీ. అచ్చేస్తే మొహం అలుక్కుపోతుంది. ప్రింటు క్వాలిటీ పెడతాను."

"నాకే నేర్పుతావా? షాపు మూయిస్తా!"

నాంచారి ఆయన పోస్టరు ఆయన చెప్పినట్టే ఒకటి అచ్చు తీసింది. అదే సభకు వైస్ చైర్మన్ ఇచ్చిన పోస్టరు ప్రింటు క్వాలిటీలో తీసి, రెండూ పక్కపక్కనే గోడకు అంటించింది.

గజపతి గారు అదిరిపడ్డారు. "వాడి మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు! నాకు కళ్లేవి?"

"మీరు చెప్పిన సైజులో పట్టలేదండీ. వెయ్యి కాపీలు ఇలాగే వెయ్యమంటారా?"

"వద్దు తల్లీ! ఎంతసేపైనా కూర్చుంటాను. వాడికి పెట్టిందే నాకూ పెట్టు!"