నలుపు వంతు

పైడిరాజుకి తను చేసిన రేకును చూడాలంటేనే భయం పట్టుకుంది. దాని మీద ఏం రాసినా, ఆ అక్షరాల వెనక నుంచి చచ్చిపోయిన చెల్లెలు అప్పలనరస చూస్తోంది.

అది ఎలక్ట్రానిక్ కాగితం. పల్చటి రేకులో నూనె, ఆ నూనెలో కంటికి ఆనని నల్ల రేణువులూ తెల్ల రేణువులూ ఉంటాయి. కరెంటు ఎలా పిలిస్తే అలా పైకీ కిందికీ కదులుతాయి, కరెంటు తీసేస్తే ఆగినచోటే ఉండిపోతాయి. ఒకదాన్నొకటి అంటుకోకుండా ప్రతి రేణువుకీ పాలిమర్ తొడుగు వేస్తారు. ఆ పనిలో పైడిరాజుది అందెవేసిన చెయ్యి. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువే తెలుసు.

చెల్లెలు పోయిన వారం, రేకు మీద ఆమె ఫొటో వేసుకున్నాడు. తర్వాత ఎన్నిసార్లు చెరిపినా కళ్లు మిగిలేవి. నిన్నటికి పెదవులు కూడా తేలాయి, ఏదో చెప్పబోతున్నట్టు.

రేకు తెల్లబడకపోతే ఇన్నేళ్ల పరిశోధనా నీళ్లపాలే. ఆ రేకు పట్టుకుని, పరిశోధన నేర్పే ఖాదర్ మాస్టారి దగ్గరికి వెళ్లి, తొడుగులోనే లోపం ఉందనీ మొత్తం మళ్లీ మొదలుపెడతాననీ చెప్పాడు.

 పైడిరాజు వాడిన సీసాలోని నూనెతోనే చేసిన ఇంకో రేకు తీసి, మాస్టారు దాని మీద తన ఫొటోనే వేశారు. రేకంతా నల్లగా మార్చి, ఆ తర్వాత తెల్లగా మార్చారు. ఆయన గడ్డంలో ఒక్క వెంట్రుక కూడా మిగల్లేదు.

"నలుపు వంతు ఇచ్చావా?" అని అడిగారు.

ముందు పూర్తిగా నలుపు చెయ్యకుండా ఆ ప్రయోగశాలలో ఎవరూ రేకు చెరపరు, చెరిపితే పాత బొమ్మ నీడ మిగిలిపోతుంది. పైడిరాజు తల దించుకున్నాడు.

"దాని మొకం నల్లబడిపోతంటే సూడలేనండి."

మాస్టారు పైడిరాజు రేకుకున్న తీగలు పీకేసి దాన్ని అతని చేతిలో పెట్టారు. అరచేతిలో నుంచి చెల్లెలు అలాగే చూస్తోంది. 

"కరెంటు లేదు కదరా. మరి దాన్ని ఎవరు పట్టుకున్నారు?"

 పైడిరాజు తీగలు తనే తగిలించి నలుపు మీట నొక్కాడు. ముందు పెదవులు పోయాయి, చివరికి కళ్లు పోయాయి. అంతవరకూ మీట వదల్లేదు. ఆ తర్వాత తెలుపు నొక్కాడు.

"ఏమైనా మిగిలిందా?" అన్నారు మాస్టారు.

"రేకు మీద లేదండి" అన్నాడు పైడిరాజు.