తేటవారి నాలుగో కుండ

అనగనగా, కుండలు ఇంకా మాటలు మరిచిపోని కాలంలో, ఎర్రేటి ఒడ్డున ఒక పట్నం ఉండేది. పేరుకు తగ్గట్టే ఆ ఏరు ఎర్రమన్ను కలుపుకుని, నిద్రలో నడుస్తున్నట్టు మెల్లగా పారేది. ముంచుకున్న ముంతలో సగం నీళ్లు, సగం మన్ను.

ఆ పట్నానికి మంచినీళ్లిచ్చే ఇల్లు ఒక్కటే. వాళ్ల అసలు ఇంటిపేరు ఏమిటో వాళ్లకే గుర్తులేదు. తేటనీళ్లిస్తారు కనుక జనం తేటవారన్నారు, అదే నిలిచిపోయింది.

మొదట ముత్తవ్వ అక్కమ్మ, కుండ లోపల చిల్లగింజ అరగదీసి ఏటినీళ్లు పోసింది. మన్నంతా అడుక్కు దిగింది. ఆమె కొడుకు వీరన్న దాని కింద ఇసుక కుండ పెట్టాడు. వీరన్న కొడుకు కొమరయ్య ఇసుక కింద బొగ్గుల కుండ పెట్టాడు. అలా తరానికొక కుండ చేరింది. చెక్క చట్రాల మీద, ఒకదాని కింద ఒకటి, ఇల్లంతా ఆ కుండలే. ఎప్పుడు విన్నా బొట్టు బొట్టుగా నీళ్లు రాలే చప్పుడే. ఆ ఇంట పుట్టిన బిడ్డకు వేరే జోలపాట అక్కర్లేదు.

ఆ ఇంటికి రెండు కట్టుబాట్లు. తొలి ముంత ఇంటివాళ్లు తాగాకే ఊరికి పొయ్యాలి. ఇసుక నెత్తిన ఎవరూ చెయ్యి పెట్టకూడదు. మొదటిది ఎందుకో అందరికీ తెలుసు, నీళ్లు చెడితే ముందు ఇంటివాళ్లకే తెలియాలని. రెండోది ఎందుకో వీరన్న చెప్పలేదు, కొమరయ్య అడగలేదు. పెద్దల మాట చద్దిమూట అన్నారు కదా, ఆ మూట విప్పి చూసినవాళ్లు మాత్రం లేరు.

కొమరయ్య కూతురు నాంచారి. పనిమంతురాలు, నవ్వుముఖం పిల్ల. అయినా లోలోపల ఒక దిగులు. పట్నంలో తల్లులు బిడ్డలకు నీళ్లు తాగిస్తూ ‘అక్కమ్మ గింజ, వీరన్న ఇసుక, కొమరయ్య బొగ్గు’ అని పాడేవాళ్లు. పాట అక్కడితో ఆగిపోయేది. ఆ తర్వాత తన పేరు ఎప్పుడు వస్తుందా అని నాంచారి చెవులు రిక్కించేది.

అంతలో కోట నుంచి కబురొచ్చింది. రాణిగారు మగబిడ్డను కన్నారు. నాలుగో రోజు నుంచి బాలింతకూ బిడ్డకూ తేటవారి నీళ్లే కావాలన్నారు.

నాంచారి కాళ్లు నేలమీద నిలవలేదు. కుండలన్నీ తోమింది, చట్రాలు కడిగింది. నడిమి కుండలోకి తొంగి చూస్తే ఇసుక మీద పచ్చగా, జిగటగా పాకుడు పేరుకుని ఉంది. తేటవారింట్లో పాకుడా అనుకుని ముక్కు చిట్లించింది. తండ్రి కునుకు తీస్తున్న సమయం చూసి, ప్రతి నడిమి కుండలోని ఇసుకనూ ఏటికి మోసుకెళ్లింది. పాకుడంతా ఏట్లో కలిపేసి, కడిగిన బియ్యంలా తెల్లబడేదాకా ఇసుకను రుద్ది తెచ్చింది. అతి శుభ్రం కొంప ముంచుతుందని ఆ పిల్లకు ఎవరు చెప్పాలి?

మొదటి రోజు నీళ్లు ఎన్నడూ లేనంత తళతళలాడాయి. పట్నమంతా మెచ్చుకుంది.

రెండో రోజు కొమరయ్యకు కడుపులో నొప్పి పట్టుకుంది. పాపం, ఆయన మామిడికాయ పులుసును తిట్టుకుని పడుకున్నాడు.

మూడో రోజు వీధిలో మూడిళ్ల నుంచి పిల్లలకు వాంతులని కబురొచ్చింది. ఆ మధ్యాహ్నం నాంచారికీ కడుపు తిప్పింది. చల్లగా ఉంటుందని కుండకు చెంప ఆనించి కూర్చుంది. బొట్టు, బొట్టు, బొట్టు. కళ్లు మూతలు పడ్డాయి. బొట్ల చప్పుడు మాటలైంది.

“నేను మన్నును పట్టాను,” అంది పై కుండ.

“నేను వాసనను పట్టాను,” అంది కింది కుండ.

నడిమి కుండ పలకలేదు. నువ్వేం పట్టావని నాంచారి అడిగింది.

“ఏమీ పట్టలేదమ్మా. నా నెత్తి మీది పచ్చపొరలో కంటికి కనబడని చిన్నవాళ్లు కాపురముండేవాళ్లు. నీళ్లలో వచ్చే రోగాన్ని తినేది వాళ్లే. వాళ్లను నువ్వు ఏట్లో కలిపావు. ఇప్పుడు నాది తలుపుల్లేని ఇల్లు. దొంగ ఎవరైనా రావచ్చు.”

నాంచారి ఉలిక్కిపడి లేచింది. కలో నిజమో తేల్చుకునే తీరిక లేదు. పరుగున వెళ్లి తండ్రికి అంతా చెప్పేసింది. కొమరయ్య పక్క మీంచి లేచి కూర్చున్నాడు.

“చెయ్యి పెట్టొద్దని మా నాయన అన్నాడు. ఎందుకని నేనూ అడగలేదమ్మా,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పల్లకీ వచ్చింది. అందులోంచి రాణిగారి దాది వెండి కుండతో దిగింది, నీళ్లు నింపించుకుని వెలుగుకు ఎత్తి చూసింది. అద్దంలా ఉన్నాయని మురిసిపోయింది. ఇప్పుడు అంతా నాంచారి నోట్లోనే ఉంది. నోరు మూసుకుంటే ఇంటి పేరు కోటకెక్కుతుంది. నోరు విప్పితే మూడు తరాల పరువు గంగలో కలుస్తుంది. అటు చూస్తే, లోకం చూసి నిండా నాలుగు రోజులు కాని పసిగుడ్డు.

నాంచారి నీళ్లు నమలలేదు. వెండి కుండ అందుకుని అందరి ముందూ నేలమీద కుమ్మరించేసింది.

“ఇవి తాగించకండి, దాదమ్మా. మురికిని తినేవాళ్లనే మురికి అనుకుని పారబోశాను. తప్పు నాది. మళ్లీ ఇసుక పచ్చబడేదాకా మా నీళ్లు ఎవరూ తాగొద్దు.”

దాది ఖాళీ కుండతో వెళ్లిపోయింది. నాంచారి గడపగడపకూ వెళ్లి అదే మాట చెప్పి, నీళ్లు కాచుకుని తాగమని బతిమాలింది. కొందరు తిట్టారు, కొందరు తలుపు వేసుకున్నారు. పిల్లలు మెల్లగా తేరుకున్నారు. ఆమె రోజూ కుండల్లో ఏటినీళ్లు పోస్తూ, ఇసుక మీద చెయ్యి పెట్టకుండా ఎదురుచూసింది. పదహారో రోజుకు లేత పచ్చని పొర తొంగి చూసింది. ఇరవయ్యో రోజుకు ఇసుకంతా పచ్చబడింది. తండ్రీ కూతుళ్లు తొలి ముంత తాగారు. మూడు రోజులు ఆగి చూశారు. ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు.

అయినా ఇంక ఎవరొస్తారులే అని గుమ్మంలో కూర్చుని నాంచారి ఏడ్చింది. ఏడుస్తుండగానే పల్లకీ వచ్చింది. దాది దిగి, రాణిగారి మాట చెప్పింది.

“తాగొద్దని చెప్పిన ఇంటివాళ్లు తాగమంటే, కళ్లు మూసుకుని తాగొచ్చు.”

ఆ వెండి కుండను రాణి ఆ ఇంటికే ఇచ్చేసింది. చట్రం కింద దాన్ని బోర్లించి పెట్టారు. అది ఏం వడపోస్తుందని పిల్లలు అడిగినప్పుడల్లా, పాకుడు ఎందుకు తియ్యకూడదో కూడా కలిపి పెద్దలు కథంతా చెప్పేవాళ్లు. తల్లుల పాట కూడా కాస్త పొడుగైంది: ‘అక్కమ్మ గింజ, వీరన్న ఇసుక, కొమరయ్య బొగ్గు, నాంచారి మాట.’

కథ ఏటికి, మనం ఇంటికి. పోతూ పోతూ ఈ ముక్క ముంతలో పట్టుకెళ్లండి: నీళ్లను వడపోసేది ఇసుక, మనిషిని వడపోసేది నిజం.