మనిషి వంగితే కుక్క ఎందుకు వెనక్కి పోతుంది?

ఒకప్పుడు, అంటే నా మీసం ఇంకా నల్లగా, ఇంకా పొడుగ్గా ఉన్న రోజుల్లో, కుక్కలకు భయమంటే ఏమిటో తెలియదు. నిలబడినా, కూర్చున్నా, వంగి దండం పెట్టినా, వచ్చి పిక్క పట్టేసేవి.

బొల్లిగుట్ట మీద ఒక పాడుబడ్డ కోట ఉండేది. రాజు పోయాడు, సైన్యం పోయింది, తలుపులు కూడా పోయాయి. కాపలాకు మాత్రం జగ్గడనే కుక్క మిగిలాడు. లోపల ఏముందనుకున్నారు? గబ్బిలాలు! ఆ సంపద ఎవరు ఎత్తుకుపోతారోనని మహానుభావుడికి నిద్రే పట్టేది కాదు.

ఆ కోట చూద్దామని నేను బయల్దేరాను. గుట్ట మొత్తం ఒక్క అంగలో ఎక్కేశాను. ద్వారం దగ్గర జగ్గడు అడ్డం నిలబడ్డాడు.

"ఎవర్రా నువ్వు?"

"పులి చెవి మెలేసినవాణ్ణి!"

"అలాగా! అయితే పులి వదిలేసిన ఆ పిక్క నాకు కావాలి," అని పళ్లు బయటపెట్టాడు.

పక్కనే మేకలు కాస్తున్న నర్సవ్వ కిసుక్కున నవ్వింది. "ఏం మామా, పులి చెవి మెలేస్తివి గానీ, కాళ్లు వణుకుతున్నయేంది?"

"వణుకు కాదు నర్సవ్వా, కోపంతో ఊగుతున్నాయి!"

జగ్గడు దూకాడు. పంచె అంచు వాడి నోట్లో, నా పిక్క వాడి మూతికి బెత్తెడు దూరంలో! సరిగ్గా అప్పుడే నేను వంగాను. భయపడి కాదు సుమా! గడప తొక్కే ముందు చెప్పులు విప్పడం మా ఇంటి పద్ధతి. కుక్క కరవబోతున్నా పద్ధతి పద్ధతే.

చెప్పు పక్కనున్న రాయికి నా చెయ్యి తగిలింది. అంతే, రాయి గొంతెత్తింది.

"బాబ్బాబు, నన్నెత్తు! ఈ జగ్గడు రోజూ పొద్దున్నే నా నెత్తిన కాలెత్తుతున్నాడు. చేతులు లేక ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను. ఇప్పుడు చెయ్యి దొరికింది. వీడి వీపెక్కడుందో చూపించు చాలు!"

నేనింకా రాయిని ఎత్తనే లేదు. జగ్గడు పంచె వదిలేశాడు.

"అయ్యా, రాయిగారూ, ఏదో అవసరం కొద్దీ..." అంటూ తోక కాళ్ల మధ్య దోపుకుని గుట్ట దిగి ఒకటే పరుగు. దారిలో కనిపించిన కుక్కకల్లా చెప్పాడు: "మనిషి వంగితే రాయికి చేతులొస్తాయిరోయ్! మనం కాలెత్తని రాయంటూ ఎక్కడుంది? అన్నిటికీ మన మీద కోపమే!"

అప్పటినుంచే, పిల్లలూ, మనిషి వంగితే చాలు, కుక్క నాలుగడుగులు వెనక్కి పోతుంది. అక్కడ రాయి ఉందో లేదో కూడా చూడదు. దూరంగా నిలబడి మాత్రం లోకం దద్దరిల్లేలా మొరుగుతుంది. పరువు కాపాడుకోవాలి కదా, పాపం!