ఓదీలమ్మ మట్టిబుట్ట

అనగనగా అంటే ఏదో నిన్నా మొన్నటి అనగనగా కాదు. మన ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టని కాలం. సముద్రాలకి అవతల ఫ్రాన్సు దేశంలో ఒక కొండ, కొండ నడుమున ఒక ఊరు. ఊరి పేరు మోన్‌సేర్. ఊ కొట్టండి మరి, ఆ కొండ నేనొక్కదాన్నే ఎక్కాలా ఏంటి?

ఆ ఊరు ఎలా ఉండేదనుకున్నారు? పైన మంచు, కింద లోయ, మధ్యలో గుప్పెడు ఇళ్ళు. కప్పులకి పెంకులు కాదు, రాతి పలకలు. కింది గది మేకలది, పై గది మనుషులది. చలికాలంలో మేకల ఒంటి వేడే ఇంటికి కుంపటి. పండేది ఒకటే గింజ. రై అంటారు, గోధుమకి చెల్లెలు వరస. ఏడాదికి ఒక్కసారి ఊరంతా కలిసి పొయ్యి వెలిగించి రొట్టెలు కాల్చుకునేవాళ్ళు. అటక మీద దాచుకుని, ఏడాది పొడుగునా గొడ్డలితో కొట్టుకుని తినేవాళ్ళు. నవ్వకండి, గట్టి పళ్ళ జనం వాళ్ళు.

లోయలో దొరల యుద్ధాలకి తాళలేక ఎప్పుడో పైకి పారిపోయి వచ్చిన వాళ్ళ సంతానం వాళ్ళంతా. వచ్చి చూస్తే ఏముంది? రాయి. పిడికెడు మన్ను లేదు. అప్పుడు వాళ్ళేం చేశారో తెలుసా? లోయలోంచి మన్ను వీపు బుట్టల్లో మోసుకొచ్చి రాళ్ళ మీద పరిచారు. పొలాన్నే మోసుకొచ్చారు తల్లీ! తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

తెచ్చారు సరే, అది ఊరికే ఉంటుందా? ఏటవాలు నేలాయె. వానకింత, మంచుకింత కిందికి జారేది. ఏటా విత్తే ముందు పొలం అడుగున చేరిన మన్ను బుట్టకెత్తి, మళ్ళీ పొలం నెత్తిన పోసేవాళ్ళు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ మోసేవాళ్ళే. మోస్తూ ఒకటే మాట అనుకునేవాళ్ళు. "మన్ను దిగుతుంది, మనిషి ఎక్కుతాడు."

ఆ ఊళ్ళో చావడం కూడా తేలిక కాదండోయ్. శ్మశానమూ రాయే. అందుకని పెద్దలు ఒక కట్టడి పెట్టారు. ఎవరింట్లో మనిషి పోతే ఆ ఇంటి పొలం మన్నే తెచ్చి కప్పాలి. ఒకరి మన్ను ఇంకొకరు అడగకూడదు. మన్నంటే తిండి కదా, ఎలా అడుగుతారు?

ఇప్పుడు ఓదీలమ్మ దగ్గరికి వద్దాం. వాళ్ళ నోట ఆమె పేరు ఓదీలు. మన నోటికి అమ్మ తగలకపోతే ఎలా? ఓదీలమ్మ అందాం.

ఓదీలమ్మకి మొగుడు లేడు, పిల్లల్లేరు, రెండు మేకలున్నాయి. పొలం ఉంది కానీ, అన్నిటికంటే పైన, రాతి అంచున, దుప్పటంత. చలికాలం మంచు జారిందంటే మన్నంతా నాక్కుని పోతుంది. అందుకని ఓదీలమ్మ ఏటా పంట కోసిన వెంటనే పొలం మొత్తం గీకి, బుట్టబుట్టగా ఇంటికి మోసుకొచ్చి మేకల గదిలో కుప్ప పోసేది. మంచు కరిగాక మళ్ళీ బుట్టబుట్టగా పైకి మోసేది. వాళ్ళమ్మ అలాగే చేసింది. అమ్మమ్మా అలాగే చేసింది. బుట్ట కూడా అమ్మమ్మ నాటిదే, అడుగున చిల్లు. "ఓదీలమ్మ బుట్టకి ఆకలెక్కువ, అరుగుదల తక్కువ. తిన్నదంతా దారిలోనే కక్కుతుంది" అని ఊరు ఊరంతా ఆటపట్టించేది.

పక్కింటి తెక్లా ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "ఎందుకు పెద్దమ్మా నీకీ చాకిరీ?"

"దానికి చలేయకుండా ఇప్పుడు నేను చూస్తున్నానే. రేపు నాకు చలేయకుండా అది చూస్తుంది. నాకింకెవరున్నారు?" అంది ఓదీలమ్మ.

ఇలా ఉండగా ఒక ఏడు చలికాలం వచ్చింది, వచ్చి పోనంది. ఎండ కాస్తోంది కానీ మంచు చెక్కుచెదరదు. తెల్లగా, గట్టిగా, మొండిగా కూర్చుంది. రై గింజ వేళకి విత్తకపోతే కంకి పాలు పట్టే లోపు మళ్ళీ మంచు పడుతుంది. ఇక ఆ ఏడు రొట్టె లేనట్టే.

ఊరిపెద్ద బార్నబే ఇంటింటికీ తిరిగాడు. మొదటిసారి వచ్చి, "కాస్త ఓపిక పట్టండి" అన్నాడు. రెండోసారి వచ్చి, "విత్తనాలు తినేయకండి, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు. బూడిద చల్లి చూశారు, గాలికి ఎగిరిపోయింది. మూడోసారి వచ్చి తల దించుకుని, "మూటలు కట్టుకోండి, లోయకి దిగిపోదాం" అన్నాడు.

దిగిపోవడమంటే దొరల గుమ్మం ముందు చెయ్యి చాచడం. ఊరు మళ్ళీ రాయైపోవడం.

ఓదీలమ్మకి ఒళ్ళు మండిపోయింది. "మన్ను దిగింది చాలక మనుషులు కూడా దిగుతారా నాయనా బార్నబే?" అంది. ఆయన పాపం పక్కింటికని ముందుకి నడిచాడు.

మర్నాడు పొద్దున్నే ఓదీలమ్మ బుట్టనిండా మన్నెత్తుకుని, మంచు మీద పడుతూ లేస్తూ పైకి బయల్దేరింది. "ముసలిదానికి మతి పోయింది" అన్నారు జనం. మతి పోలేదు, మొండితనం. పైకెళ్ళి చూస్తే పొలం ఏదీ? అంతా మంచే. కాసేపు కూర్చుంది, మిగిలిన మన్నుతో కిందికి దిగింది. సగం మన్ను దారిలోనే కారిపోయింది.

ఓ రెండు రోజులు ఎండ కాసింది. తెక్లా చంటిబిడ్డని చంకనేసుకుని మూట కట్టుకుంటోంది. తలుపు దగ్గరికి వచ్చి అలాగే నిలబడిపోయింది.

"పెద్దమ్మా! ఓ పెద్దమ్మా! బయటికి రా!"

ఊరంతా బయటికి వచ్చింది. ఓదీలమ్మ గుమ్మం నుంచి కొండ అంచు దాకా తెల్లటి మంచులో నల్లటి గీత. మన్ను కారిన చోటల్లా మంచు కుంగిపోయి, అడుగున గడ్డి కనిపిస్తోంది. బార్నబే టోపీ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గీతలో చెయ్యి పెట్టాడు. నీళ్ళు! పారే నీళ్ళు!  

నల్లమన్ను చల్లితే, అది ఎండని తాగి మంచుని కరిగిస్తుంది. తెలిసింది, బాగానే ఉంది. మన్నేదీ? అందరి మన్నూ మంచు కిందే ఉంది. పొడిమన్ను ఉన్నది ఒక్క ఇంట్లోనే. అందరి చూపులూ మెల్లగా ఆ గుమ్మం వైపు తిరిగాయి. అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. అది ఆమె తిండి. ఆమె రేపు కప్పుకోబోయే దుప్పటి.

ఓదీలమ్మ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కుప్పలో చేతులు మోచేతుల దాకా దూర్చింది. అందులో వాళ్ళమ్మ చెమట ఉంది, అమ్మమ్మ చెమట ఉంది. గొల్లుమని ఏడ్చింది. మేకలు బెదిరి మూలకి పోయాయి. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని తలుపు తీసింది.

"గుడ్లప్పగించి చూస్తారేం? బుట్టలు తెచ్చుకోండి!"

మొదటిరోజు సగం కుప్ప పోయింది. రెండోరోజు మిగతా సగం పోయింది. మూడోరోజు చీపురు పట్టుకుని నేల ఊడుస్తుంటే తెక్లా చెయ్యి పట్టుకుంది. "ఒక్క బుట్టయినా ఉంచుకో పెద్దమ్మా. రేపు నీ మీదికి..."

"చచ్చాక చలేమిటే పిచ్చిదానా! ముందు నీ బిడ్డ పళ్ళకి రొట్టె కావాలి." ఊడ్చిందంతా ఎత్తి ఇచ్చేసింది. ఒడిలో అంటుకున్నది కూడా దులిపి ఇచ్చింది.

మంచు కరిగింది. అబ్బ, ఆ కరగడం చూడాలి! పొలాలు ఒక్కొక్కటే నల్లగా కళ్ళు తెరిచాయి. గింజ పడింది, పంట వచ్చింది, పొయ్యి వెలిగింది. కానీ ఓదీలమ్మ మన్ను మంచునీళ్ళతో కలిసి అందరి పొలాల్లో ఇంకిపోయింది. పాలల్లో కలిసిన నీళ్ళు మళ్ళీ తీయగలమా? పైన ఆమె పొలం ఉత్త రాయి. పంట కోతలప్పుడు అలవాటు కొద్దీ బుట్ట తగిలించుకుని పైకి వెళ్ళింది, ఉత్త బుట్టతో దిగి వచ్చింది. అది చూసి తెక్లా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది.

రొట్టెలు కాల్చిన వారంలోనే ఓదీలమ్మ కన్నుమూసింది. తెక్లా ఇచ్చిన రొట్టె ఇంకా ఒళ్ళోనే ఉంది.

శ్మశానంలో రాయి తొలిచి పడుకోబెట్టారు. పాదిరిగారు ప్రార్థన చదివి, మన్ను కోసం చుట్టూ చూశారు. ఆ ఇంటి పొలం మన్ను తేవాలి కదా? తేవడానికి ఏముంది? చిల్లు బుట్ట బోసిగా పక్కన పడి ఉంది.

బార్నబే ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. తన పొలం నెత్తి నుంచి బుట్టెడు మన్ను మోసుకొచ్చాడు.

"కట్టడి తప్పుతావా బార్నబే?" అన్నారు పాదిరిగారు.

"తప్పడం లేదు స్వామీ. ఇది ఆమె మన్నే" అని పోశాడు.

తెక్లా తెచ్చింది. "ఇదీ ఆమె మన్నే." వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. ఊరంతా బుట్టలతో దారి కట్టింది. ప్రతి నోటా అదే మాట, ఆమె మన్నే, ఆమె మన్నే. సాయంత్రానికి ఆ దిబ్బ మనిషెత్తు లేచింది. ఆ ఊళ్ళో రాజులా బతికినవాడికి కూడా అంత మన్ను దక్కలేదు.

ఆ తర్వాతి చలికాలం పోతూ పోతూ, ఊరు మొత్తంలో ముందుగా ఆ దిబ్బ మీదే మంచు కరిగింది. అప్పటి నుంచి ఏటా అంతే. దిబ్బ నెత్తిన నల్లగా కనిపించగానే పిల్లలు "ఓదీలమ్మ లేచింది! ఓదీలమ్మ లేచింది!" అని వీధులెంట అరుస్తారు. ఆమెలాగే మేకల గదిలో దాచుకున్న పొడిమన్ను తీసి అందరూ పొలాలకి పరిగెడతారు. ఎవరింట్లో చావు జరిగినా ఇప్పుడు ఆ ఇంటివాళ్ళు మన్ను తేరు, ఊరు తెస్తుంది. ఎంత కొత్త బుట్ట అల్లినా అడుగున ఒక చిల్లు వదులుతారు. తెలియనివాళ్ళెవరైనా "ఇదేంటి, కారిపోదూ?" అంటే, "కారాలనే" అంటారు.

మన్ను దిగుతుంది, మనిషి ఎక్కుతాడు. కథ ఇదిగో, నా నోట్లోంచి దిగింది. ఇక మోసుకుపోవాల్సింది మీరే.