సలోమి గారి కాటా

"మేడమ్, ఇక నేను కాన్పుల గదిలోకి వెళ్ళలేను. నన్ను స్కానింగు గదికి మార్చండి."

డాక్టర్ మృణాళిని ఈ మాట అన్నది తన గురువు డాక్టర్ సలోమి గారితో. ఉత్తరాంధ్రలో ఒక మిషన్ ఆస్పత్రి అది. నేను అక్కడి రక్తనిధిలో టెక్నీషియన్‌ని. ఆ పూట ఏదో సంతకం కోసం వెళ్ళి, గదిలో ఒక మూల నిలబడి ఉన్నాను.

సలోమి గారికి అరవై దాటాయి. ప్రసూతి, స్త్రీ వ్యాధుల వైద్యులందరికీ దేశమంతటికీ ఒక సంఘం ఉంది. ఆ ఏడాది దానికి ఆవిడే అధ్యక్షురాలు. అయినా ఆస్పత్రికి రిక్షాలోనే వచ్చేవారు. రిక్షా అతను ఆవిడని పేరు పెట్టి పిలిచేవాడు. అది వేరే కథ.

"భయమా?" అన్నారు సలోమి గారు.

"ట్రాలీ చక్రాల చప్పుడు వింటే చాలు మేడమ్, అరచేతులు తడిసిపోతున్నాయి. ఈ భయం పోయే దారి చెప్పండి. లేదంటే ఈ బదిలీ కాగితం మీద సంతకం పెట్టండి."

కారణం నాకు తెలుసు. మూడు వారాల కిందట పైడితల్లి అనే ఇరవై ఏళ్ళ పిల్లకి తొలి కాన్పు అయింది. రక్తం ఎంత పోయిందని నర్సు అడిగితే, మృణాళిని కింద పరిచిన బట్టల వైపు చూసి, "నాలుగు వందలు ఉంటుంది, రాసుకో" అంది. నాలుగు వందల మిల్లీలీటర్లంటే ఎవరూ కంగారుపడరు, అయిదు వందలు దాటితేనే ప్రమాదం. గంటన్నరకి పైడితల్లి పెదవులు తెల్లబడ్డాయి. ఆ పూట నేను ఫ్రిజ్ తలుపు ఆరుసార్లు తీశాను. ఆరో సీసా తీసేటప్పుడు లోపల ఆ గ్రూపు సీసా ఇంకొక్కటే మిగిలింది. పిల్ల బతికింది. గర్భసంచి తీసెయ్యాల్సి వచ్చింది.

పైడితల్లి తల్లి మృణాళిని చేతులు రెండూ పట్టుకుని, "నా గుంట బతికిందమ్మా, అదే పదివేలు" అంది. అసలు భయం అప్పుడే పట్టుకుందనుకుంటాను. ఆ తల్లి తిట్టి ఉంటే మృణాళిని తేరుకునేదేమో.

సలోమి గారు కాగితం చదవలేదు. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు.

"ఆదివారం విశాఖలో మన సంఘం మహాసభ. నువ్వూ వస్తున్నావు. సంతకం సంగతి తర్వాత చూద్దాం." నా వైపు తిరిగి, "గున్నేశ్వరరావు గారూ, క్యాంటీన్లో కూరలు తూచే కాటా ఉంది కదా, అది తీసుకురండి. పాత చీర ముక్కలూ, ఎర్ర రంగూ కూడా" అన్నారు.

క్యాంటీన్ సన్యాసిరావు కాటా ఇవ్వనని మొరాయించాడు. "మహాసభకి కాటా ఏటండీ? డాక్టర్లని తూస్తారేటి?"

"అలాంటిదే" అన్నాను.

మహాసభ సముద్రం ఎదురుగా ఒక హోటల్లో. కాఫీ ఇచ్చిన కప్పులు మరీ చిన్నవి. వేదిక వెనక పెద్ద బ్యానరు మీద "భయం లేని కాన్పు" అని ఉంది. ఆ ఏటి నినాదం అదే. దాని ఎదురుగా కూర్చున్న మృణాళిని మాత్రం నీళ్ళగ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉంది.

పొద్దున్నే నేను పొడి బట్టలు తూచి రాసుకున్నాను. ఎర్రరంగు నీళ్ళలో కొంచెం గంజి కలిపి, కొలిచి, ఆ బట్టల మీద పోసి పళ్ళెంలో ఉంచాను. బీయస్సీ రోజుల్లో మా కెమిస్ట్రీ లెక్చరరు గాజుగొట్టంలో మట్టం చూసేటప్పుడు మమ్మల్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టేవారు. కన్ను నీటిమట్టానికి దిగితేగాని లెక్క కుదరదనేవారు. ఆయన కోసమైనా నేను చుక్క తేడా రానివ్వలేదు.

సలోమి గారు మైకు దగ్గరికి వచ్చారు. "ఉపన్యాసం తర్వాత. ముందు అందరూ వచ్చి ఈ పళ్ళెం చూడండి. కాన్పులో పోయిన రక్తం అనుకోండి. ఎంతో చీటీ మీద రాయండి."

ముందు వరసలోంచి గుంటూరు డాక్టర్ కాత్యాయని గారు నవ్వారు. "ముప్ఫై అయిదేళ్ళ సర్వీసయ్యాక మాకు పరీక్షలేమిటి సలోమీ?"

"నాకూ పరీక్షే, కాత్యాయనీ. రా."

నూట ఎనభైమంది రాశారు. మృణాళిని రాసింది. చివర సలోమి గారు కూడా పళ్ళెం మీదికి వంగి చూసి, రాసి, చీటీ మడిచి ఇచ్చారు. నన్ను చదవమన్నారు.

మూడు వందల యాభై. నాలుగు వందలు. అయిదు వందలు. కాత్యాయని గారు ఆరు వందలు. మృణాళిని అయిదు వందలు. సలోమి గారు ఏడు వందలు.

అప్పుడు తడిబట్టలు కాటా మీద పెట్టి, పొడి బట్టల బరువు తీసేసి, గ్రాముకి ఒక మిల్లీలీటరు లెక్కన చెప్పాను. "పన్నెండు వందలు."

"ఆ కాటా సరిగ్గా ఉందా బాబూ? వంకాయలు తూచేదానికి రక్తం ఏం తెలుస్తుంది?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది.

బట్టలు తీసి మళ్ళీ పెట్టాను. ముల్లు అక్కడికే వచ్చి ఆగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. కాత్యాయని గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుస్తున్నారు, తుడుస్తూనే ఉన్నారు. వాళ్ళలో ఒక్కొక్కరూ ఏ మంచం దగ్గరికి, ఎన్నేళ్ళ వెనక్కి వెళ్ళారో నాకు తెలియదు. నూట ఎనభై చీటీల్లో అసలు కంటే ఎక్కువ రాసినది ఒక్కటీ లేదు.

మృణాళిని వేదిక దగ్గరికి వచ్చింది.

"మేడమ్, మీరూ తక్కువే రాశారు."

"ఎక్కువ పోయి ఉండాలని ఎవరు కోరుకుంటారమ్మా?" అన్నారు సలోమి గారు.

ఉపన్యాసం కాగితాలు ఆవిడ విప్పనే లేదు.

తిరిగొచ్చాక కాటా క్యాంటీన్‌కి వెళ్ళలేదు. కాన్పుల గదిలో మూలబల్ల మీదకి చేరింది. సన్యాసిరావు నేను కనిపించినప్పుడల్లా, "వంకాయలు కంటితో తూస్తన్నాను బాబూ, మీ ధర్మమా అని" అని దెప్పేవాడు.

బుధవారం మధ్యాహ్నం రక్తం నమూనా తీసుకెళ్ళమని కాన్పుల గదినుంచి నాకు పిలుపు వచ్చింది. నూకరత్నం అనే ఆమెకి అప్పుడే కాన్పయింది. బిడ్డ ఏడుస్తోంది. తల్లి కళ్ళు మూసుకుని ఉంది. ఆ రోజు డ్యూటీలో ఉండాల్సిన డాక్టరు రాలేదు. బల్ల దగ్గర మృణాళిని నిలబడి ఉంది. నుదుటి మీద చెమట.

"మూడు వందలుంటుంది డాక్టరుగారూ. రాసుకోనా?" అంది నర్సు ప్రమీల.

మృణాళిని బట్టల వైపు చూసింది. చాలాసేపు చూసినట్టనిపించింది నాకు.

"నాకూ అంతే కనిపిస్తోంది" అంది. "రాయకు."

వంగి బట్టలన్నీ ఏరింది. పొడి బట్టల బరువు ముందే తీసేసి ఉంచిన కాటా మీద పెట్టింది. ముల్లు మూడు వందలు దాటింది, అయిదు వందలు దాటింది. ఎనిమిది వందల దగ్గర ఊగి ఆగింది.

"ప్రమీలా, ఇంజెక్షన్. ఇంకో సెలైన్ కట్టు. గున్నేశ్వరరావు గారూ, రెండు సీసాలు, పరుగెత్తండి."

నేను సీసాలతో తిరిగొచ్చేసరికి మృణాళిని ఒక చేత్తో నూకరత్నం పొత్తికడుపు నొక్కి పట్టుకుని ఉంది. నూకరత్నం కళ్ళు తెరిచి, "ఏ బిడ్డమ్మా?" అని అడుగుతోంది.

అంతలో సలోమి గారు గుమ్మంలోకి వచ్చారు. హ్యాండ్‌బ్యాగులోంచి మడిచిన కాగితం తీశారు.

"మృణాళినీ, ఇది నా దగ్గరే ఉండిపోయింది. సంతకం పెట్టనా?"

మృణాళిని వెనక్కి తిరగలేదు. కింద పరిచిన కొత్త బట్ట లాగి చేతిలోకి తీసుకుంది.

"ఉండండి మేడమ్, ఇది తూచాలి."

సలోమి గారు కాగితం మళ్ళీ బ్యాగులో పెట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డారు.